గోడ మీద సుద్దగీత

"మనవరాలా, ఉత్తరంలో ఆ 'క్షేమం' కొట్టేయ్. ఆస్పత్రిలో కసరత్తులు నేర్పే వాగ్దేవమ్మకి మన క్షేమం ఎందుకు? మీ నాయనమ్మ చెయ్యి ఎంత పైకి లేచిందో, అది కావాలి."

"కొట్టేసా తాతయ్యా. ఎంత లేచింది?"

"వస్తన్నా, వస్తన్నా. ముందు నా తప్పు రాయి."

"నీ తప్పా? ఏం చేసావ్?"

"నెమ్మదిగా చెప్తా, నెమ్మదిగా రాయి. రొమ్ము కేన్సరుకి ఆపరేషన్ అయినాక మా ఇంటామె జీవరత్నం ఎడం చెయ్యి భుజం దాటి లేవట్లా. ఇట్టాగే వదిలేస్తే బిగుసుకుపోద్ది, గోడ మీద చీమ పాకినట్టు వేళ్ళు పాకించమన్నారు కదా తమరు... రాసావా?"

"'తమరు' దాకా రాసా."

"ఎక్కడిదాకా పాకితే అక్కడ సుద్దగీత పెట్టమన్నారు. పెట్టాం. నాలుగు రోజులు లేచింది. ఆ తర్వాత గీత కదిలితే ఒట్టు. వారం చూసింది. 'ఇంక నా చెయ్యి ఇంతేలే, జడేసుకోడానికి కూడా ఒకళ్ళని పిలవాల్సిందే' అని మంచమెక్కింది. నడక కూడా మానేసింది. దానికి తోడు ఎదురింటి పున్నమ్మొచ్చి, కేన్సరొచ్చినోళ్ళు కదలగూడదు, ఒళ్ళలిస్తే జబ్బు ముదురుద్దని..."

"పున్నమ్మమ్మ పేరు రాయనా?"

"రాయి. ఇంటిపేరుతో సహా రాయి."

"అప్పుడు నువ్వేం చేసావ్?"

"పొద్దున్నే ఆమె మొహం కడుక్కోడానికి పెరట్లోకి పోయినప్పుడు, తడిగుడ్డతో గీత తుడిచేసా. రెండంగుళాలు కిందికి కొత్తది గీసా."

"తాతయ్యా!"

"అరవమాక. ఆమె చర్చి నించి వచ్చేలోపు అవగొట్టాలి. ఆ రోజు బతిమాలి గోడ దగ్గర నించోబెట్టా. గీత దాటేసింది! ఆ మొహం చూడాలి నువ్వు. కోణ్ణి కోయించింది."

"అందుకా వారంలో మూడుసార్లు కోడికూర!"

"ఆమె దాటిన చోట పెట్టిన కొత్త గీతని మర్నాడు పొద్దున్నే మళ్ళీ రెండంగుళాలు దించా, అట్టా రోజూ. రోజూ దాటింది. ముక్త్యాల రోడ్డు దాకా నడిచొచ్చి, దోవలో పున్నమ్మకి కూడా చెప్పొచ్చింది."

"అది మోసం కాదూ?"

"మోసమే. అదే రాయి. పన్నెండు రోజులు మోసం చేసా."

"మరెట్టా దొరికిపోయావ్?"

"రోజుకి రెండంగుళాలు పెరిగితే ఈపాటికి నా చెయ్యి దూలానికి తగలాలే, ఇంకా కేలెండరు కిందే ఉందేంటి అనుకుందంట. ఇయ్యాల పొద్దున తలుపు చాటున నక్కింది. చేతిలో తడిగుడ్డతో నేను..."

"అయిపోయావ్. ఏమంది?"

"మాటలతో పోతే బాగానే ఉండేది."

"ఏడ్చిందా?"

"ఏడవలా. అదీ... వదిలేయ్, నీకెందుకు."

"రాయమంటావా, మానమంటావా?"

"కుడిచేత్తో నా బనీను పట్టుకుంది."

"ఊఁ."

"రెండో చేత్తో ఆ గుడ్డ లాక్కుని, నా నడినెత్తిన ఒక్కటేసింది. వేసి చర్చికెళ్ళిపోయింది."

"నెత్తినా? నువ్వు ఆరడుగులు. నాయనమ్మ నీ భుజం దాకా కూడా రాదు. అంత పైకి ఎట్టా... ఉండు, ఏ చెయ్యన్నావ్?"

"ఇంతసేపు అదేగా రాయమంటన్నా! ఉత్తరం చేతికిస్తే మందు చీటీల్లో కలిసిపోద్ది. రేపు నందిగామ కాలేజీకి పోతా ఆస్పత్రి దగ్గర దిగి, వాగ్దేవమ్మకి నువ్వే చదివి వినిపించు తల్లీ. కొట్టింది ఎడం చేత్తోనని, ఆ ముక్క మాత్రం రెండుసార్లు చదువు."