నా ముందర ఆకు లేదు

"మామ్మా, రేపు కోర్టులో మర్చిపోతానని భయపడుతున్నావు కదా. నాకు చెప్పు, సెల్లులో రికార్డు చేస్తాను."

సెయ్యి గుంటా, బేగి సెయ్యి. పొద్దున్న పొయ్యి మీద అంబలెట్టి మర్సిపోనాను. ఇది కూడా మర్సిపోతే ఆ డాక్టరు గెలిసిపోడూ?

నాకు గర్భసంచి తీసేరు కదా, కొండ దిగువ టౌన్లో. ఇంటికొచ్చినకాణ్నుంచీ ఒకటే కడుపునొప్పి, జొరం. మళ్ళీ ఆ కోసిన డాక్టరు కాడికే ఎల్తే ఏటన్నాడో తెలుసా? "మీ కొండోళ్ళు మిరియాలు ఎక్కువ తింటారు, గ్యాసు" అన్నాడు. మిరియాలు మేం పండిస్తాం గానీ తింటామేటి? మా అమ్మ రోజుల్లో అయితే మానెడు మిరియాలకి ఉప్పు కొలిసిచ్చేవోరు... ఏటి సెప్తన్నాను? ఆఁ, నొప్పి. ఆఖరికి విశాఖపట్నం పెద్దాసుపత్రిలో కోసి సూస్తే లోపల గాజుగుడ్డ. కుళ్ళిపోయింది. నా కడుపు ఆడికి గుడ్డలెట్టుకునే పెట్టేటి!

కేసేసినాం. అప్పుడొచ్చేడు ఆడి మేనేజరు, కోడి, బియ్యం పట్టుకుని. "మీ పద్ధతిలోనే రాజీ" అన్నాడు. మనకాడ తప్పు సేసినోడు తెచ్చింది కలిసి తింటే ఇంక ఆ తగువు ఎత్తకూడదు కదా. ఎవుడో ఆడికి సెప్పేసేడు.

కానీ సగమే సెప్పేడు. మా అయ్య ఎద్దు పక్కోళ్ళ సోడిపంటలో పడితే... ఎద్దు కాదు, ఆవు. మా అయ్య ఊరందరి ముందర నిలబడి "నా ఆవే మేసింది, తప్పు నాదే" అన్నాడు. ఆ మాటయ్యేకే పొయ్యెలిగించేరు. మరి ఈ డాక్టరు వొచ్చేడా? నోరిప్పేడా?

అదే అడిగితే మీ తాత "తినవే, కూర సల్లారిపోతాది" అన్నాడు. "కోసింది నీ కడుపైతే తెలిసేది" అన్నాను. ఆయన, కులపెద్దలు, అందరూ సుబ్బరంగా తినేసేరు. మేనేజరు ఫొటో తీసుకున్నాడు. ఇప్పుడు దాన్నే కోర్టులో ఎట్టేరు. కాయితం నేనే కూడబలుక్కుని సదివేను, నేను రాజీ పడిపోనానంట!

రేపు నాకు మాట తడబడితే, ఆ ఫొటోయే సరిగ్గా సూడమని మన లాయరమ్మకి సెప్పు. గోడకానుకుని నిలబడింది నేనే. అందరి ముందరా కూడెట్టిన అడ్డాకు ఉంది. నా ముందర లేదు.

అయిందా? నీ కడుపు సల్లగుండ, ఒకపాలి ఇనిపించు తల్లీ. తినలేదని సెప్పేనా, లేదా...