విగ్రహం పక్కన ఫోటో

"మీ అక్క బతికినన్నాళ్లూ నాకు అబద్ధం చెప్పింది."

కొండ మీద, నగరానికి తొలి ప్లాను గీసిన ఇంజనీరు విగ్రహం దగ్గర బావా బావమరుదులిద్దరే ఉన్నారు.

"పోయిన మనిషి మీద ఇప్పుడెందుకు బావా?"

"ఎత్తంటే కళ్లు తిరుగుతాయని నాతో ఏనాడూ ఇక్కడికి రాలేదు. మరి కొండ కింద ఫోటోలు పెట్టిన గదిలో ఆమె ఫోటో ఏమిటి? విగ్రహం పెట్టిన రోజున ఈ పిట్టగోడెక్కి కూర్చుని నవ్వుతోంది. ఎవడు తీశాడు?"

"నేనే."

"నీతో వస్తుంది, నాతో రాదా? ఏం దాచారు?"

"కళ్లు తిరిగేది నీకు బావా. నలుగురిలో నీ పరువు పోతుందని అక్క తన మీద వేసుకుంది."

"నాకా! నాకేం తిరగవు."

"అయితే ఆ విగ్రహం దిమ్మెను వదిలి ఇలా పిట్టగోడ దగ్గరికి రా."

బావ దిమ్మెను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"ఆ ఫోటో మాట ఇక జన్మలో ఎత్తను. నువ్వూ ఎత్తకు."