కళ్ళు లేని మేక

వంటింటి బల్లకి ఒకవైపు మాంసం కొట్టు నడిపే బావ, రెండోవైపు పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేసే మరదలు. మధ్యలో బల్లంతా రబ్బరు పొట్టు.

"కాగితం తలకిందులుగా పెట్టుకున్నావేంటి బావా?"

"నీకెందుకు? ఇలా అయితేనే చెయ్యి నడుస్తోంది."

"తిప్పు. తిప్పి చూపించు... అయ్యో."

"అయ్యో ఏంటి, అయ్యో?"

"మేకకి చొక్కా తొడిగి నించోబెట్టమన్నాను. ఇది నించోలేదు, వేలాడుతోంది."

"నించునే ఉంది! రెండు కాళ్ళు, కింద నేల. నేలకి గీత కూడా గీశాను, కనపడట్లా?"

"గీశావు, కానీ దాని మీద బరువేది? కాళ్ళు కట్టి లాగినట్టున్నాయి. అచ్చం నీ కొట్టులో కొక్కేనికి..."

"ఆఁ, కొక్కేనికే! ఇరవై ఏళ్ళుగా నేను మేకని నిలువుగా చూసింది అక్కడే, అదీ తలకిందులుగా. ఇంకెక్కడ చూడమంటావు? మేకలు చొక్కాలేసుకుని బస్సు కోసం నించుంటాయా?"

"నా పుస్తకాల్లో నించుంటాయి."

"నీ పుస్తకాల్లో మేకలకి మోకాళ్ళు వెనక్కి విరిగి ఉంటాయి. మొన్ననే చెబుదామనుకున్నాను."

"ఏంటీ? ఎక్కడ?"

"ఇదిగో, ఈ గొడుగు పట్టుకున్న మేక. నువ్వు మోకాలనుకుంటున్నది మోకాలు కాదు, మడమ. అసలు మోకాలు ఇంకా పైన, పొట్ట పక్కన ఉంటుంది. మనకిలాగే ముందుకే ఉంటుంది."

"నిజంగానా?"

"రోజూ విడదీసేవాణ్ణి, నాకు తెలీదా?"

"పదేళ్ళుగా గీస్తున్నాను బావా. ఒక్కరంటే ఒక్కరు చెప్పలేదు. ఛ, పరువు పోయింది."

"పోనీలే టీచరమ్మా, మేకలొచ్చి ఫిర్యాదు చెయ్యవు."

"నవ్వింది చాలు. లే. లేచి నించో."

"ఎందుకూ?"

"కొట్టు ముందు ఎలా నించుంటావో అలా నించో. చూశావా, బరువంతా ఎడం కాలి మీద వేశావు. తుంటి బయటికొచ్చింది, ఈ భుజం దిగింది. దాన్నీ అలాగే నించోబెట్టు."

"మేకని నాలాగానా?"

"తేడా ఏముంది, గడ్డం కూడా ఉందిగా."

"నీకు వేళాకోళంగా ఉంది. ఇక్కడ నా ప్రాణం పోతోంది... ఇదిగో. ఇలాగా?"

"ఆఁ! ఇప్పుడు నించుంది. భుజం బాగుంది, డొక్క బాగుంది. ముక్కుంది, చెవులున్నాయి. కళ్ళేవి?"

"వేస్తాను."

"మొన్నా వేస్తాననే అన్నావు. పధ్నాలుగు కాగితాలు, పధ్నాలుగు గుడ్డి మేకలు."

"రెండు సున్నాలు చుట్టి మధ్యలో చుక్క పెడితే అయిపోతుంది. అంతేగా?"

"పెట్టు మరి."

"పెడతాను."

"పెట్టు."

"పెట్టాను. ఛీ! ఎవడో మనిషి మేక తలకాయ తగిలించుకుని చూస్తున్నట్టుంది."

"మేక కన్ను అలా ఉండదు కాబట్టి. చూసి రమ్మన్నానా లేదా? కొట్టు వెనక ఎప్పుడూ నాలుగైదు కట్టేసే ఉంటాయి."

"చూశాను."

"ఎలా ఉందో చెప్పు."

"కన్ను కన్నులా ఉంది. ఇంకెలా ఉంటుంది?"

"చూళ్ళేదు నువ్వు."

"చూశానంటున్నానా! కొట్టు నిండా జనం, చేతిలో కత్తి. వాటి కళ్ళలోకి చూస్తూ కూచోమంటావా?"

"అరవకు. గదిలో నీ కూతురు వింటుంది."

"విననీ. విని ఒక్క మాట అంటే చాలు, తిట్టినా సరే. పంతొమ్మిది రోజులైంది అది నన్ను పిలిచి. నేను అన్నానికి కూచుంటే అది లేచిపోతుంది. చేతులు ఎన్ని సార్లు సబ్బుతో కడుక్కోను?"

"అసలు ఆ రోజు కొట్టులోకి ఎందుకు రానిచ్చావు?"

"నేను రానిచ్చానా? బడి తొందరగా వదిలారట. వెనక తలుపు తోసుకుని వచ్చింది. ఎప్పుడొచ్చిందో కూడా తెలీదు. మేకని కొయ్యడం అయ్యాక తిరిగి చూస్తే సంచీ భుజాన వేసుకుని నించునుంది. అంతే."

"పోనీ నేను గీసిస్తాను బావా. రెండు నిమిషాల పని. నువ్వే గీశావని చెబుదాం."

"వద్దు."

"ఎందుకంత పంతం?"

"నీ గీత దానికి తెలుసు. నీ కుందేళ్ళనీ ఎలుగుబంట్లనీ దుప్పట్లో పెట్టుకుని పడుకుంటుంది. పైగా... ఈ చేతులు మేకని కొయ్యడమే కాదు, చొక్కా తొడిగి నించోబెట్టడం కూడా చేస్తాయని దానికి తెలియాలి. అది నీ చేత్తో ఎలా తెలుస్తుంది?"

"అయితే కన్ను సంగతి నేను చెప్పను. చెబితే అది నా మేక అవుతుంది. నువ్వే చూసి రా."

"చూడలేను! ఇదిగో, పెన్సిలూ విరిగింది. కత్తి పట్టే చేతికి ఈ పుల్ల ఇచ్చి కూచోబెట్టావు. నా వల్ల కాదు. చించి పారేస్తాను."

"చించకు! చించకు బావా, కాలు అంత బాగా వచ్చింది... బుడ్డీ? నువ్వెప్పుడొచ్చావే?"

"పిన్నీ, ఆ మేక చొక్కాకి గుండీలు అటువైపు పెట్టారు. తప్పు."

"ఎవరు పెట్టారో వాళ్ళకే చెప్పు."

"నేనే తల్లీ. నేనే పెట్టాను. నాకు గుండీలు రావు. కళ్ళు అసలే రావు."

"పెన్సిల్ ఇటివ్వు."

"అది విరిగిపోయింది తల్లీ..."

"ఇదిగో బుడ్డీ, నాది తీసుకో."

"ఇలా సున్నా కాదు. లోపల నల్లది అడ్డంగా ఉంటుంది. గీతని పడుకోబెట్టినట్టు. ఇలా... ఇంకోటి ఇలా."

"అవును! ఇప్పుడు మేకే చూస్తోంది. నీకెలా తెలుసే? పిన్ని చెప్పిందా?"

"నేనేం చెప్పలేదు బావా."

"ఎవరూ చెప్పలేదు. ఆ రోజు అది నన్నే చూసింది. నీకెలా తెలుస్తుంది నాన్నా, నువ్వు అప్పుడు కళ్ళు గట్టిగా మూసుకున్నావుగా."