అరవై నిండినవాళ్లకే

గల్ఫ్‌లోని సీబ్‌లో రెండు గదుల ఇల్లు, తొంభైల్లో ఒక శుక్రవారం సాయంత్రం. ఊరందరి బీపీ చూసే క్లినిక్ నర్సు సౌభాగ్యమ్మ తన బీపీ మాత్రను చాకుతో రెండు ముక్కలు చేస్తూ, డ్రైవర్ డ్యూటీ దిగి వచ్చిన మొగుడు ఏలియాకి దొరికిపోయింది.

"మళ్లీ సగమేనా, సౌభాగ్యమ్మగారూ?"

"సగం చాలు. నర్సుని నేనా, మీరా?"

"మీరేనండి. పేషెంట్లకీ ఇలాగే సగం సగం ఇస్తున్నారా?"

"నిండు మాత్ర మింగితే నెల మధ్యలోనే సీసా ఖాళీ. ఇంకో సీసాకి డబ్బులేవి?"

"అందుకేగా అడిగేది. మీ క్లినిక్‌లో పెద్దవాళ్లకి మందుల ఇన్సూరెన్స్ పెట్టారంట. రేపటితో ఆఖరంట."

"ఎవరు చెప్పారు?"

"మీతో పనిచేసే ఫేబా. పేరిచ్చెయ్యండి."

"అది అరవై నిండినవాళ్లకే."

"అయితే?"

"అయితే ఏంటి! నాకు యాభై ఆరు."

"పోయినేడాదీ యాభై ఆరేనండి."

"మీకు లెక్కలు రావు. మీకెన్ని?"

"యాభై ఎనిమిది."

"మరి! రెండేళ్లు చిన్నదాన్నని మా నాన్న పెళ్లప్పుడే చెప్పాడుగా."

"చెప్పారు, చెప్పారు. పాస్‌పోర్టు తియ్యండి, తేల్చేద్దాం."

"ఛీ, అందులో ఫొటో బాగోదు."

"ఎన్ని పాస్‌పోర్టులు మారినా ఆ ఫొటో బాగుపడలేదా?"

"మీకు అన్నీ నవ్వులాటే."

"మొన్న క్లినిక్ మెట్ల మీద కళ్లు తిరిగి పడ్డారంట. అదీ నవ్వులాటేనా?"

"అదా... చెప్పు జారింది."

"చెప్పు జారిందా, బీపీ పెరిగిందా?"

"ఆ ఫేబా ఒకత్తి! మీ మీద కూడా నవ్వుతోంది, తెలుసా? పెళ్లాన్ని గారూ, అండీ అనే మొగుణ్ని ఎక్కడా చూడలేదంట."

"నవ్వనివ్వండి. మాట మార్చకండి. నాకు భయమేస్తోందండి, సౌభాగ్యమ్మగారూ. మీరు మళ్లీ పడితే నేనేమైపోవాలి?"

సౌభాగ్యమ్మ చాకు పక్కన పెట్టింది.

"పేరిస్తారా?"

"ఏవండీ... ఒకటి చెప్తే కోపం రాదుగా?"

"ఎప్పుడైనా వచ్చిందా?"

"నాకు అరవై దాటి రెండేళ్లయింది. మీకన్నా నాలుగేళ్లు పెద్దదాన్ని. నర్సు చదువుల్లో పడి ఈడు దాటిపోయింది, ఈ సంబంధం కూడా తప్పిపోతుందని నాన్న అబద్ధమాడాడు. ఇన్నేళ్లూ మీకు తెలిస్తే ఏమవుతుందో అని చచ్చిపోయాను. ఏంటి, నవ్వుతారేంటి?"

"పెళ్లిరోజునే మీ మేనత్త నా చెవిలో ఊదేసిందండి. పెద్దవాళ్లని 'నువ్వు' అంటే మా అమ్మ ఊరుకోదు మరి!"