నా రిపోర్టు నాకిచ్చెయ్యండి

అదేంటండీ మేనేజరు గారూ, తలుపేసుకుని మరీ సంతకం పెట్టేస్తున్నారు? ఆగండి. ఆ పెన్ను కాసేపు కింద పెట్టండి. డ్రైవర్ని పీకేసే కాగితమేగా అది? దానికి పిన్ను కొట్టిన రిపోర్టు నాది. నాకిచ్చెయ్యండి.

కూర్చోనా? వద్దులెండి, బట్టలనిండా గ్రీజు.

నిన్న నేనే రాశాను, కాదనను. లారీ లోడుతో ఎత్తు మీద మొరాయించింది. ఎర్ర లైటు వెలిగింది, ఎంత తొక్కినా ఇరవై దాటనంది. చూస్తే, పొగని శుభ్రం చేసే యూరియా నీళ్ళ పంపు పోయింది. ఆ ట్యాంకులోంచి చుక్క తీసి మీటరు అద్దం మీద వేశా. యూరియా ముప్పై రెండున్నర శాతం! ఎంతుండాలో అంతే ఉంది. మామూలు నీళ్ళు కలవలేదు. మరి పంపెందుకు పోయినట్టు? "దారిలో డ్రైవరే ఏదో పోశాడు" అని రాసి పడేశా.

ఎందుకా? వాడంటే నాకు పడదు కాబట్టి! పదకొండేళ్ళుగా పడదు. నేను బండి కింద పడుకుని పని చేస్తుంటే కావాలని హారన్ కొడతాడు సార్, గుండె జారిపోయేలా!

పొద్దున వాడి భార్య గేటు దగ్గర నిలబడి ఉంది. నన్ను చూసి దండం పెట్టింది. నాలుగు తిట్టినా బాగుండేది.

షెడ్డులోకొచ్చి మళ్ళీ మొదట్నుంచీ పరీక్ష మొదలుపెట్టా. ట్యాంకులోది గాజు గ్లాసులో పోసి ఎండలో పెట్టా. పైన సన్నగా రంగురంగుల తెర. డీజిలు! మీటరుకేం తెలుస్తుంది చెప్పండి? యూరియా ఎంతుందో చెబుతుంది గానీ, ఇంకేం కలిసిందో చెబుతుందా? కాస్త డీజిలు తగిలితే చాలు, పంపులో రబ్బర్లు ఉబ్బిపోతాయి.

మనం ట్యాంకు నింపే యూరియా డ్రమ్ములోది కూడా తీసి చూశా. తేటగా ఉంది. డ్రమ్ము బాగుండి ట్యాంకు పాడైతే, మధ్యలో ఏముంది సార్? గరాటు. గరాటులోంచి కొత్త యూరియా పోసి చూశా. మళ్ళీ అదే తెర.

ఏంటీ, గరాటు కూడా డ్రైవరే పాడుచేశాడని రాసేద్దామా? అబ్బో, మీ బుర్రే బుర్ర!

ఆ గరాటు షెడ్డు గడప దాటదు. దుమ్ము పడుతుందని ఎవర్నీ ముట్టుకోనివ్వను. రోజూ సాయంత్రం నా చేత్తో నేనే కడిగి మేకుకి తగిలిస్తా. దేంతోనా? షెడ్డులో దేన్నైనా దేంతో కడుగుతాం సార్? స్పానర్లు, బేరింగులు, ఆఖరికి చేతులు కూడా డీజిల్‌తోనే. ముప్పై ఏళ్ళుగా నాకు తెలిసిన శుభ్రం అదే. నవ్వకండి.

ఏమన్నారు? నాకింకా ఏడాదే సర్వీసుందని, ఈ మాట ఈ గదిలోనే ఉంచేద్దామా? నా మీద దయ, వాడికి గెంటుడా? ఎంత మాటన్నారండీ!

ఇటివ్వండి ఆ రిపోర్టు. ఇదిగో, చింపేశా. అరవకండి. కొత్త కాగితం తీయండి, నేను చెప్పింది రాయండి. పంపు పాడుచేసింది హెడ్ మెకానిక్. పేరుతో సహా రాయండి.

ఇంకోటి కూడా ఉంది. నిన్న ఆ చుక్క తీసినప్పుడే డీజిలు వాసన ముక్కుకి కొట్టింది సార్. నా చేతుల వాసనేలే అని నాకు నేనే చెప్పుకుని, వాడి మీదికి నెట్టేశా.

గరాటైతే తెలియక డీజిల్‌తో కడిగాను. వాడి మీద మాత్రం తెలిసే రాశాను. అది కూడా వెయ్యండి కాగితంలో. సంతకం నేను పెడతా.