బీరప్పకు ఐదు పొట్టేళ్ళు

1965 సెప్టెంబరు. పాకిస్తానుతో యుద్ధం ఎక్కడో సరిహద్దులో జరుగుతుంటే, దాని ప్రతాపమంతా కేతేపల్లి పక్క ఊళ్ళో, గొర్రెలూ మేకలూ కోసే ముల్లా ఖాసిం ఇంటి మీదికి వచ్చి పడింది. ఆ ఇంటివాళ్ళను ఊరు దాటించాలని పడుచువాళ్ళు కర్రలు పట్టుకుని తిరుగుతున్నారు. గొర్రెలు కాచే కురుమ బక్కమ్మ ఆ ఇంటి వాకిలికి అడ్డంగా గొంగడి పరుచుకుని మూడు రోజులుగా కూర్చుంది. సర్పంచి జంగయ్య ఆమె ముందుకు వచ్చి నిలబడి చాలాసేపయింది. ఆమె ఆయన చెప్పుల వంక చూసిందే తప్ప మొహం వంక చూడలేదు.

"లెవ్వు బక్కవ్వా. ఎన్నిమార్లు చెప్పాలె నీకు? లెవ్వు."

"నువ్వు చెప్పినన్ని మార్లు ఇన్న. లెవ్వను."

"మూడొద్దులాయె. ఊరంత నవ్వుతాంది."

"నవ్వనీ, ఏడ్సుడు కంటె నయమే. నువ్వు జర పక్కకు జరుగు పటేలా, నీ చెప్పుల దుమ్ము నా గొంగడి మీద పడ్తాంది."

"నేను సర్పంచిని. సర్పంచితోని గిట్లనేనా మాట్లాడేది?"

"పటేలంటె కోపం, సర్పంచంటె సంబురమా? సరె, సర్పంచి సాబ్. జరుగుండ్రి."

"ఎక్కిరింపులు చాలియ్యి. లోపలున్నోడు ఎసొంటోడో నీకు ఎరుకేనా?"

"ఎరుకే. ముప్పై ఏండ్ల సంది మా గొర్రెలు కోస్తాండు."

"గట్ల కాదు. యుద్ధం నడుస్తాంది. దీపాలు బయటికి కనవడొద్దని డప్పు కొట్టి చాటిచ్చినం. గీ ఖాసిం ఏం జేసిండు? పెరట్ల లాంతరు ఎలిగిచ్చి అటు ఇటు ఊపిండు. పైన పోయే విమానాలకు సైగ."

"ఎవలు సూసిండ్రు?"

"నా కొడుకు అమరేందరు. కండ్లార సూసిండు."

"మంచి కండ్లే. లాంతరును సూసిన కండ్లకు దాన్ని పట్టుకున్నోళ్ళు అవుపడలేదా? పట్టుకున్నది నేను. ఖాసిం బిడ్డకు నొప్పులొచ్చినయి. కడుపుల అడ్డం తిరిగిన గొర్రెపిల్లలను తీసిన చెయ్యి గదా అని నన్ను పిలిసిండ్రు. పొల్ల పుట్టినంక చేతులు కడుగుదామని బాయి కాడికి పోతుంటె లాంతరు ఊగింది. నేను ఏం సైగ జేసిన్నో విమానపోన్ని అడుగు."

"నువ్వా?"

"నేనే. ఇగ చెప్పు. ఆ విమానం గంత దూరం కెల్లి వచ్చి, నకిరేకల్ ఇడిసిపెట్టి, కేతేపల్లి ఇడిసిపెట్టి, మన ఊరి పెంటకుప్పల మీద బాంబు ఏస్తదా? ఏసేటోనికన్న బుద్ధి ఉండాలె, భయపడేటోనికన్న ఉండాలె."

"నువ్వు ఎన్ని చెప్పినా వాళ్ళు వాళ్ళే, మనం మనమే. రజాకార్ల దినాలు మర్సినవా?"

"మరువలే. రజాకార్లు నా మందల పది గొర్రెలు కోసుక తిన్నరు. వాళ్ళను ఎల్లగొట్టనీకి వచ్చినోళ్ళు పదిహేను తిన్నరు. ఖాసిం నాయిన మాత్రం ఒక్క పూట కూర కూడ ఉత్తగ తినలే. నాకు అది యాదున్నది. నీకు ఇంకోటి యాదికొచ్చినట్టున్నది. వాని ఇనాం చెల్క నీ గెట్టు పొంటే ఉన్నది గదా."

"చెల్క ముచ్చట ఇప్పుడెందుకు?"

"ఎందుకో నువ్వే చెప్పు. వాడు ఊరు ఇడిస్తె దాన్ని ఎవలు దున్నుతరు?"

"నేను దేశం గురించి మాట్లాడ్తున్న."

"గదే నేనూ అంటున్న. నీ దేశం నీ గెట్టు కాడ్నే మొదలైతాంది."

"ఊకుంటున్న గదా అని నోరు పెంచుతున్నవు. ఠాణకు కబురు పెడ్త."

"పెట్టు. పోలీసు జవాన్లు వచ్చి ఈడ నిలవడ్తె కావలి వాళ్ళే కాస్తరు. నేను జర నడుము వాలుస్త."

"పోరగాండ్లు కట్టెలు పట్టుకొని తయారున్నరు. నేను ఒక్క మాటంటె..."

"అను. నిన్న వెంకటయ్య కొడుకు కట్టె లేపిండు గదా. నేను ఇట్ల తల వంచి పెట్టిన. కొట్టు బిడ్డా, యాడ కొడ్తవో సూసుకొని కొట్టు అన్న. కట్టె చేతుల్నే ఉన్నది, కాళ్ళే ఎనకకు పోయినయి."

"ముసలిదానివని ఇడిసిపెట్టిండు."

"ముసలిదాని ముందల నిలవడలేనోడు లాహోర్ మీదికి పోతడా?"

"గీ కూసునుడు, చెయ్యెత్తకపోవుడు నీకు ఎవలు నేర్పిండ్రు? భూదానం దినాల్ల వచ్చిన ఖద్దరోళ్ళా?"

"ఖద్దరోళ్ళు వచ్చిండ్రు. శాంతి శాంతి అన్నరు. నీ ఇంట్ల పాయసం తాగిండ్రు. నువ్వు గడ్డి మొలువని రాళ్ళ చెల్క దానమిస్తె నీకే దండం పెట్టి పోయిండ్రు. వాళ్ళు నాకు నేర్పేదేంది? రెండు పొట్టేళ్ళు తలవడ్డయనుకో, కట్టెతోని కొడ్తె ఇంక మిడుకుతయి. కురుమోడు నడుమ గొంగడి ఏస్తడు. మా పసిపోరగాండ్లకు కూడ ఎరుకే గది."

"ఆడోళ్ళనందరిని ఎంబడేసుకొని..."

"నేను ఎవలను ఎంబడేసుకోలే. వాళ్ళే వంతులేసుకొని వస్తాండ్రు. పొద్దుగాల ఈడ ఎవలు కూసున్నరో సూసినవా? అండాలు. మన ఊరికెల్లి యుద్ధానికి పోయింది ఒక్కడే, అండాలు కొడుకు. కొడుకు బతికున్నడో లేడో తెల్వని తల్లి వచ్చి గీ వాకిట్ల కూసున్నది. నీ కొడుకు ఇంట్ల నెయ్యి పోసుకొని తిని, కట్టె పట్టుకొని ఆమె మీదికి వచ్చిండు. జవాను తల్లికి రాని కోపం మీకు యాడికెల్లి వచ్చింది?"

"అండాలుకు తెలివి లేదు."

"ఉన్నది. అందుకే నీతోని మాట్లాడది. నాకే లేదు."

"సరె. సరె బక్కవ్వా, కోపానికి రాకు. జర కూసోనా?"

"కూసో. గొంగడి మీద కాదు, కింద."

"కూసున్న. ఒక మాట ఇను. ఖాసింను ఎల్లగొట్టుడు అనేది... ఇప్పుడే కాకున్నా... కొన్నొద్దులు ఆగుతం."

"ఎందుకు ఆగుతరు?"

"ఊకెనే. మనిషి అన్నంక జర జాలి ఉండాలె గదా."

"పొద్దటిదాక లేని జాలి, ఇయ్యాల అంగట్ల దొరికిందా?"

"ఇంట్ల బాలింత ఉన్నదంటివి గదా."

"నేను చెప్పింది ఇప్పుడు. నువ్వు వచ్చి నిలవడ్డది ఎప్పుడు? అసలు ముచ్చట చెప్పు."

"ఏం లేదు."

"ఏం లేకుంటె లేసి పో."

"బేస్తవారం... బేస్తవారం నాడు బీరప్ప గుడి కాడ పండుగ పెట్టిన. మన జవాన్లు గెలవాలె అని. ఐదు పొట్టేళ్ళు. తాసిల్దారు సాబ్ వస్తడు, సమితోళ్ళు వస్తరు. ఊరందరికి బువ్వ."

"మంచిదే. అయితె?"

"అయితె... కోసేటోళ్ళు లేరు."

"ఏమంటివి? మల్లొకసారి చెప్పు. నాకు జర చెవుడు."

"పొట్టేళ్ళను కోసేటోళ్ళు లేరు. కేతేపల్లి ముల్లకు కబురు పెడ్తె, ఖాసింను ఎల్లగొట్టే ఊర్లె నేను కత్తి పట్ట అన్నడట. నకిరేకల్ ముల్ల నేను పంపిన మనిషిని కూడ కలువలే. మన భిక్షం నేను కోస్త అన్నడు గని..."

"గని?"

"భిక్షం కోస్తె నా పెండ్లామే ముట్టదట. ముల్ల సదివి కొయ్యని కూర తాతల కాడికెల్లి తినలే, ఇయ్యాల తిని కులం చెడగొట్టుకోవాల్నా అంటాంది. ఊరంత గదే మాట. తాసిల్దారుకు నేను పచ్చిపులుసు పొయ్యాల్నా?"

"అంటె ఖాసింను ఊర్లకెల్లి ఎల్లగొడ్తరు. ఆ సంబురానికి ఖాసిం కోసిన కూరనే తింటరు. నీ తెలివికి దిష్టి తగులుతది సర్పంచి సాబ్, ఇంటికి పోయి ఉప్పు తిప్పిచ్చుకో."

"నవ్వకు బక్కవ్వా. ఇజ్జత్ పోతది."

"ఉన్నదా, పోనీకి?"

"తిట్టు. ఎంతన్న తిట్టు. నువ్వు చెప్తె ఖాసిం ఇంటడు. బేస్తవారం వచ్చి కోసి పొమ్మను."

"కోసి, పొమ్మననా?"

"కోసి... ఉండుమను. ఉంటె ఉండనీ."

"గట్ల కుదరదు. నా కొంగుల బీరప్ప బండారి ఉన్నది. చెయ్యి చాపు. పసుపే, కాలదు, పట్టుకో. ఇప్పుడు అను. బేస్తవారం పొద్దు పొడిసేవరకు ఖాసిం పెండ్లాం బిడ్డలతోని గీ ఇంట్ల ఉంటడు. ఆ పూచీ నాది."

"బేస్తవారం పొద్దు పొడిసేవరకు ఖాసిం... పెండ్లాం బిడ్డలతోని గీ ఇంట్ల ఉంటడు. పూచీ నాది."

"ఆ ఒక్క పొద్దే కాదు, వాడు బతికినంత కాలం. వాని చెల్క జోలికి పోను. ఎవలన్న కట్టె లేపితె ముందుగాల నేను అడ్డం నిలవడ్త. మాట తప్పితె బీరప్ప నా కొట్టం ఖాళీ చెయ్యనీ."

"గంత దూరం ఎందుకవ్వా? నోటి మాట చాలదా?"

"అయితె పో. పోయి చింతపండు నానెయ్యి."

"అంటున్న, అంటున్న. వాడు బతికినంత కాలం. చెల్క జోలికి పోను. అడ్డం నిలవడ్త. తప్పితె బీరప్ప నా కొట్టం ఖాళీ చెయ్యనీ. అయ్యిందా నీ కడుపు సల్లగ? ఇగ పిలువు వాన్ని."

"ఎవలను?"

"ఖాసింను. తలుపు కొట్టు."

"కొడితె ఎవలు పలుకుతరు? నిన్న మాపటేల మా మందను నీ చెల్కల పండవెట్టనీకి తోలుకపోతిమి గదా. ఖాసిం ఇంటోళ్ళు గొంగళ్ళు కప్పుకొని ఆ మంద నడుమల్నే పోయిండ్రు. పసిపొల్ల ఏడిస్తె గొర్రెపిల్ల అనుకొని నీ అమరేందరే తొవ్వ ఇడిసిండు. నీ చెల్క కాడికెల్లి బండి ఎక్కిండ్రు. ఇప్పుడు పానగల్ల, వాని బావమరిది ఇంట్ల ఉన్నరు."

"మరి... మరి ఖాళీ ఇంటికి నువ్వెందుకు కావలి కూసున్నవు?"

"వాళ్ళు కట్టె దెబ్బలు తినకుంట దాటాలె గదా, మీ కండ్లన్ని నా మీదుంటె తొవ్వ మీద ఉండవని. ఇగ లెవ్వు, బండి కట్టుకొని పానగల్ పో. వాడు గీ ఇంట్ల ఉంటడని బండారి పట్టుకొని పూచీ పడ్డవు, బేస్తవారానికి రెండొద్దులే ఉన్నది. వస్తడో రాడో, నీ మొఖం సూసి వాడే చెప్తడు."