సీసా నిండేదాకా

డెట్రాయిట్ తూర్పు పేట, జనవరి నెల, మంగళవారం పొద్దున్న తొమ్మిది కావస్తోంది. హెవీవెయిట్ బాక్సర్ థాడియస్ ప్రూయిట్ తన వంటింట్లో బల్లకి ఒక పక్క కూర్చున్నాడు. రెండో పక్కన, అతని మూత్రం పరీక్షకి పట్టుకెళ్ళడానికి ఆరింటికే వచ్చిన లెమ్యుయెల్ ఓక్స్ కూర్చున్నాడు. సీసా నిండేదాకా ఈయన కదలకూడదు, అతన్ని కంటికి దూరం కానివ్వకూడదు. అదీ రూలు. సీసా చూస్తే ఇంకా ఖాళీ.

“ఇంకో సీసా నీళ్ళు తాగు.”

“ఇప్పటికి నాలుగు తాగాను బాబాయ్. ఇది కడుపా, కుండా?”

“మూత తియ్యనిది చూసి తీసుకో. నేను పోసి ఇవ్వకూడదు.”

“తెలుసులే, ఆరేళ్ళ నించీ వింటున్నా. నువ్వు పోస్తే తప్పు, నేను పోసుకుంటే ఒప్పు.”

“రూలు రూలే.”

“ఇవాళ కూడా ఒక్కడివే వచ్చావేం? రక్తం తీసే అమ్మాయేదీ?”

“ఆ పిల్లకి... వేరే పనులున్నాయి.”

“మూడు వారాల నించీ వేరే పనులేనా?”

“నీళ్ళు తాగమన్నానా?”

“తాగుతున్నా, తాగుతున్నా. నీకు కాఫీ పొయ్యనా?”

“పొయ్యి. నేనేం తాగినా ఎవరూ అడగరు.”

“అడిగితే మాత్రం నువ్వు గంటకో సీసా నింపుతావు. పొద్దుట్నించీ నాలుగు సార్లు లేచావు. నువ్వు లేచినప్పుడల్లా నేను నీ వెనకాలే రావాలి, కంటికి దూరం కాకూడదుగా. మనిద్దర్లో పరీక్ష ఎవరికి బాబాయ్?”

“నవ్వు, నవ్వు. నాకు అరవై ఎనిమిది. నా వయసొస్తే నీకూ తెలుస్తుంది.”

“చక్కెర రెండేనా?”

“రెండే. మీ ఆవిడ రొనెట్ ఫోన్ చేసిందా?”

“ఏ ఫోన్‌కి చేస్తుంది? అది సొరుగులో ఉంది.”

“ఇంకానా!”

“ఇంకానే. పరీక్షలో పట్టుబడ్డానని తెలియగానే మొదట తిట్లొచ్చాయి. దొంగ, మోసగాడు, సూదుల వీరుడు. తర్వాత విలేకర్లు. ఆఖర్న నా కోచ్ ఓడెల్.”

“ఓడెల్ ఏమన్నాడు?”

“ఏమంటాడు? పద్నాలుగేళ్ళు నా చేతులకి గుడ్డలు చుట్టాడు. ‘నా సంసారం కూడా గడవాలి కదా అబ్బాయ్’ అన్నాడు. ఇప్పుడెళ్ళి నేనోడించిన ఆ ట్రెస్కాట్ చేతులకి చుడుతున్నాడు. ఆ సాయంత్రమే ఫోన్ కట్టేసి సొరుగులో పారేశా.”

“రొనెట్‌కైనా ఓ ముక్క...”

“అక్కగారింట్లో ఉంది. టొలీడో ఎంత దూరం? గంట. రావాలనుంటే వస్తుంది. ఆ మాటొద్దు.”

“సరే, వద్దు. కానీ ఫోన్ ఒకసారి తీసి చూడరాదూ? ఏదన్నా కబురుంటుందేమో.”

“ఏం కబురు?”

“ఏదో ఒకటి. లోకంలో ఏదో ఒకటి జరుగుతుంది కదా.”

“లోకంతో నాకేం పని? నువ్వొస్తున్నావు, అది చాలు.”

“నేనొస్తే ఏమైంది?”

“అదేంటి బాబాయ్, అంత అమాయకంగా అడుగుతావు! పోటీ పెట్టేవాళ్ళే కదా నీ పరీక్షలు పెట్టించేది? పోటీ లేనోడి ఇంటికి సీసాలు పట్టుకుని ఎవరొస్తారు? మంగళవారం నువ్వు తలుపు కొట్టావంటే, ఏప్రిల్లో ట్రెస్కాట్‌కీ నాకూ మళ్ళీ పోటీ ఉన్నట్టే. ముప్ఫయ్యో తారీఖు విచారణలో ఏదో చీవాట్లు పెడతారు, వదిలేస్తారు. నాకింకే కబురూ అక్కర్లేదు.”

“...కాఫీ బాగుంది.”

“మలుపు దగ్గర వాడి బొమ్మ చూశావా? ఇంతెత్తు బోర్డు. ‘ప్రపంచ చాంపియన్ ట్రెస్కాట్’ట! ‘తాత్కాలిక’ అనే ముక్క అడుగున చీమ తలకాయంత.”

“చూశాను.”

“నన్నేమన్నారో తెలుసా? ‘విరామంలో ఉన్న చాంపియన్’! బెల్టు ఇచ్చే సంఘం ఉత్తరంలో అదే మాట. విరామంట! గంట కొడితే క్లాసులోకి పరిగెత్తాలి కాబోలు.”

“ఒక ఒరలో రెండు కత్తులు పెట్టారు.”

“ఒర మాత్రం నా బీరువాలో ఉంది. పన్నెండు రౌండ్లు చావు దెబ్బలు తిని తెచ్చుకున్నా. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు నావైపు రాశారు. ఆ చాంపియన్ బెల్టు ఎవరడిగినా ఇవ్వను. ఏప్రిల్లో రింగులోకొచ్చి తీసుకోమను, మగాడైతే.”

“ఆ రోజు సీసా పట్టింది నేనే.”

“నువ్వే.”

“అక్టోబరు పదకొండు.”

“తారీఖు కూడా గుర్తుందా?”

“ఎలా మర్చిపోతాను? థాడ్, ఒకటడగనా?”

“అడక్కూడదుగా నువ్వు. సీసాలు మోసేవాణ్ణంటావుగా ఎప్పుడూ.”

“అడక్కూడదు. అయినా అడుగుతున్నా. ఆరేళ్ళలో నువ్వెప్పుడైనా రెండు గంటల్లోపు సీసా నింపావా?”

“ఏమో. లెక్క పెట్టానా?”

“నేను పెట్టాను. నా పనే అది. కొందరు వచ్చీ రాగానే ఇస్తారు. కొందరు కుళాయి తిప్పితే ఇస్తారు. నువ్వు మాత్రం మూడు గంటల మనిషివి. పోటీ అయిన రోజైతే ఒంట్లో చుక్క ఉండదు, నాలుగు. నీ కోసమని నేను ముక్కలు పేర్చే బొమ్మల పెట్టె తెచ్చుకునేవాణ్ణి.”

“అవునవును. లైట్‌హౌస్ బొమ్మ. ఒక ముక్క తక్కువ.”

“అలాంటిది అక్టోబరు పదకొండున, పన్నెండు రౌండ్లు చెమటోడ్చి వచ్చి, పది నిమిషాల్లో నింపావు. మళ్ళీ అరగంటలో ఇంకోసారి వెళ్ళావు.”

“నీళ్ళెక్కువ తాగుంటాను.”

“తాగలేదు. నీ పక్కనే ఉన్నాను.”

“బాబాయ్...”

“ఫలితం రాకముందే నాకు తెలిసిపోయింది. ఒంట్లో నీరు తీసే మాత్ర. కానీ ఎందుకో తెలియలేదు. బరువు తగ్గించుకునే చిన్న బాక్సర్లు వేసుకుంటారు. నీకెందుకు? హెవీవెయిట్‌వి, ఎంత లావుంటే అంత మంచిది.”

“అందుకేగా పేపర్లో రాశారు, కండలు పెరిగే మందేదో వాడి, అది దొరక్కుండా కడుక్కోవడానికి వేసుకున్నానని.”

“వాడావా?”

“మా అమ్మ తోడు, లేదు!”

“మరి చెప్పు. నాకూ రోజూ ఒక నీరు మాత్ర ఉంది. ఎందుకో తెలుసా? బీపీకి. అందుకే పొద్దున నాలుగు సార్లు లేచాను. ఎంతుంటుంది నీకు?”

“ఎవరు చెప్పారు నీకు? రొనెట్టేనా?”

“ఎవరూ చెప్పలేదు. నువ్వే చెబుతున్నావిప్పుడు. ఎంతుంటుంది?”

“...రెండొందలు. కింద నూట ఇరవై. మాత్ర వేసుకుంటే నూట నలభైకి దిగేది.”

“దేవుడా!”

“లైసెన్సు పరీక్షకి ముందు మూడు రోజులు వేసుకుని వెళ్ళేవాణ్ణి. డాక్టరు భుజం తట్టి పంపేవాడు. అక్టోబరు పోటీ ముందు వేసుకున్నాక మాత్రం మానలేకపోయా. మానితే తల పగిలిపోయేది.”

“ఇప్పుడు వేసుకుంటున్నావా?”

“పట్టుబడ్డాక ఎలా వేసుకుంటాను? నువ్వొస్తావుగా. అక్టోబర్నించీ ఒక్కటి ముట్టుకోలేదు.”

“నేనొస్తానని మానేశావా!”

“ఇంకోసారి దొరికితే జీవితాంతం వెలేస్తారు.”

“తల నొప్పుందా?”

“పొద్దున పూట. కాసేపు గోడ పట్టుకుని నించుంటే పోతుంది.”

“ఓరి పిచ్చివాడా. ఓరి పిచ్చివాడా! మాత్ర మానేశావు కాబట్టే మళ్ళీ మూడు గంటల మనిషివయ్యావు.”

“మానేసింది నిజమే. కానీ ఇవాళ ఆలస్యం అందుకు కాదు.”

“మరెందుకు?”

“నవ్వకూడదు.”

“నవ్వను.”

“ఏడింటికే వచ్చింది బాబాయ్. బిగబట్టుకున్నా.”

“ఎందుకురా?”

“సీసా నిండితే నువ్వెళ్ళిపోతావు.”

“...”

“నవ్వనన్నావు.”

“నవ్వట్లేదు.”

“మళ్ళీ మంగళవారం దాకా ఈ ఇంట్లో మాట వినపడదు. మొన్న ఫ్రిజ్ చప్పుడాగిపోతే భయమేసి తన్నాను, మళ్ళీ మోగాలని. ఇంత శరీరం పెట్టుకుని సిగ్గు లేదూ అనుకో. ఏం చెయ్యను?”

“లే. లే ముందు. మూత్రాశయం పగిలి చస్తావు. పద.”

స్నానాల గదిలో.

“ఇటు తిరుగు. కనపడాలి.”

“ఆరేళ్ళ నించీ చూస్తున్నావు, కొత్తగా ఏం మొలుస్తుంది?”

“చొక్కా పైకెత్తు. ఆఁ. గీత దాటాలి.”

“గీతేం ఖర్మ, పొంగిపోయేలా ఉంది. ఆహా... ప్రాణం లేచొచ్చింది.”

“మూత నువ్వే బిగించు. నేను ముట్టుకోకూడదు.”

“టిక్కు టిక్కుమంది. చాలా?”

“చాలు. చేతులు కడుక్కుని రా. కాగితం రాయాలి.”

మళ్ళీ వంటింట్లో.

“కానీ, అడుగు. ‘గడిచిన వారం రోజుల్లో ఏమేం మందులు వాడారు?’ ఏమీ లేదు. రాసెయ్.”

“అలా కాదు. కింద ఖాళీ గడి ఉంది చూడు, ‘ఇంకేమైనా చెప్పదలుచుకుంటే’ అని. అక్టోబరు సంగతి అందులో రాయి.”

“బాగానే ఉంది! నన్ను చంపుదామనా?”

“బతికిద్దామనే.”

“నీకర్థం కావట్లేదు బాబాయ్. మోసగాడికి శిక్ష మహా అయితే రెండేళ్ళు. తర్వాత మళ్ళీ రావచ్చు. తిట్టినోళ్ళే టిక్కెట్టు కొని వస్తారు. బీపీ రెండొందలున్నోడికి లైసెన్సు ఎన్నేళ్ళకిస్తారు చెప్పు? ఎప్పటికీ ఇవ్వరు. రింగులోకే రానివ్వరు.”

“అందుకని దొంగన్న పేరు మోస్తావా?”

“మోస్తాను. చెప్పకపోతే దొంగని, చెబితే రోగిని. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నూతిలోంచైతే రెండేళ్ళకి పైకి రావచ్చు.”

“రొనెట్‌కి ఈ సంగతి తెలుసా?”

“తెలుసు. అందుకేగా వెళ్ళిపోయింది. ‘నిజం చెప్పు, లేకపోతే నీ శవాన్ని రింగులోంచి మోసుకొచ్చేదాకా నేనుండను’ అంది. పెట్టె సర్దుకుని ఆ తలుపు దగ్గర చాలాసేపు నించుంది. నేను మాట్లాడలేదు.”

“ఎందుకు మాట్లాడలేదు?”

“ఏం మాట్లాడను? మా నాన్న నలభై ఒకటో ఏట కార్ల ఫ్యాక్టరీలో నించున్నవాడు నించున్నట్టే పడిపోయాడు. ఆయనా ఇంతే, మాత్రలు దాచుకుని మింగేవాడు. చెబితే ఇంటికి పంపేస్తారని. నాకు ముప్ఫై నాలుగు. ఇంకో పని చేతకాదు. గుద్దడం మానేస్తే నేనెవర్ని?”

“ఎవరివో నాకు తెలియదు. నాకు మా ఆవిడ పోయాక నేనెవరో ఇంకా తెలియలేదు. కానీ పొద్దున లేస్తున్నాను. నువ్వు లేవకుండా పోతే? ఏప్రిల్లో ఆ ట్రెస్కాట్ నీ తల మీద ఒక్కటి గట్టిగా కొడితే చాలు. ఆ సంగతి నీకూ తెలుసు. మలుపులో వాడి బొమ్మ చూసినప్పుడు నీక్కోపమే వస్తోందా, భయం కూడా వేస్తోందా?”

“...రెండూ.”

“అయితే రాయి.”

“బెల్టు పోతుంది బాబాయ్.”

“పోతుంది.”

“‘పాపం, జబ్బుమనిషి’ అంటారు.”

“అంటారు. దొంగ మాత్రం అనరు.”

“...కలమేదీ?”

“ఇదుగో.”

“దాని పేరు నోరు తిరగదు. బీపీ మాత్ర అనే రాస్తా.”

“రాయి. తొందరేం లేదు.”

“అయింది. వంకర టింకరగా వచ్చింది.”

“చదువు.”

“‘ఏడాదిగా డాక్టరు పరీక్షలప్పుడల్లా బీపీ మాత్ర వేసుకున్నాను. ఒంట్లో నీరు తీసేది. డాక్టర్ల దగ్గర దాచాను. బెల్టు గెలిచిన రోజు కూడా వేసుకున్నాను. బలం కోసం కాదు, తల నొప్పికి ఆగలేక. థాడియస్ ప్రూయిట్.’ చాలా?”

“చాలు. బాగుంది.”

“అయితే పెట్టెలో పెట్టెయ్. మనసు మారకముందే పెట్టు. నా చేతులారా నేనే తుడిచేసుకున్నాను ఏప్రిల్ని. ఒళ్ళు తేలికగా ఉంది, ఏడుపూ వస్తోంది. పెట్టవేం?”

“నీ దగ్గరే ఉంచుకో. ముప్ఫయ్యో తారీఖున విచారణకి నువ్వే పట్టుకెళ్ళు. దారిలో టొలీడో వెళ్ళి రొనెట్‌కి చూపించు.”

“అదేంటి? సీసాతో పాటు కాగితం మీ ఆఫీసుకి పోవాలిగా?”

“పోవాలి.”

“మరి?”

“ఇవాళ నన్ను ఆఫీసు పంపలేదు, థాడ్.”

“మరెవరు పంపారు?”

“ఎవరూ పంపలేదు. క్రిస్మస్ వెళ్ళగానే పరీక్షల జాబితాలోంచి నీ పేరు కొట్టేశారు. ఏప్రిల్ పోటీ రద్దయింది. విచారణ దాకా ఆగకుండా బెల్టు ట్రెస్కాట్‌కే ఖాయం చేశారు. ఊరందరికీ తెలుసు. నీ ఫోన్ సొరుగులో ఉంది.”

“క్రిస్మస్ వెళ్ళగానే అంటే... మరి పోయిన మంగళవారం నేనిచ్చిన సీసా? అంతకు ముందుది?”

“ఇంటికెళ్ళే దారిలో పెట్రోలు బంకులో పారబోశాను.”

“నా ఇంట్లో కూచుని, నా కాఫీ తాగి, ‘చొక్కా ఎత్తు, గీత దాటాలి’ అంటూ... ఆడుకున్నావా నాతో? చెప్పడానికి నోరు లేదా? ఎందుకొచ్చావు అసలు?”

“చెబుదామనే వచ్చానురా, మొదటి మంగళవారం. నువ్వు తలుపు తీసి, ‘హమ్మయ్య, వచ్చావా బాబాయ్’ అన్నావు.”